పొరుగువాడికా, పొరుగువానికా?

పర్లాకిమిడి: మా సంఘం సంచికకి వంశధార నది నీళ్ళమీద, దానిపై ఒడిశా, ఆంధ్రా తగువులాడుకున్న నేరడి బ్యారేజీ మీద వ్యాసం రాశాను. శీర్షికకి గురజాడ పాదం పెడదామంటే నోటికి సగమే వస్తోంది. "సొంత లాభం కొంత మానుకు, పొరుగువా..." డికా, నికా? రేపు ప్రెస్సుకి ఇవ్వాలి.

గుణుపురం: డికే. నికి అంటే పంతుళ్ళ భాష.

బరంపురం: అంత తేలిగ్గా తేల్చకండి. ఆ పాదం ఛందస్సు ముత్యాలసరం, అందులో మూడు, నాలుగు మాత్రల నడక. "పొరుగు" మూడు, "వాడికి" నాలుగు, "వానికి" కూడా నాలుగే. ఛందస్సు సాక్ష్యం చెప్పదు. "మానుకు" దగ్గర మాత్రం చెబుతుంది. "మానుకొని" అంటే అయిదై కుంటుతుంది.

రాయగడ: ఆ "మానుకు"తోనే ప్రమాదం. మా అబ్బాయి ఒడియా మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. పై పాదం చూసి "కొంత చెట్టుకా నాన్నా?" అన్నాడు. మాను, మానుకు! పద్యంలో అయితే కింది పాదం ఆదుకుంటుంది. శీర్షిక ఒంటరిది.

గుణుపురం: మొత్తం పెడితే రెండు వరసలు. అక్షరాల సైజు తగ్గించేస్తారు.

శ్రీకాకుళం: అసలు పొరుగువాడెవడండీ? నది ఒడిశా కొండల్లో పుట్టి మా కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ శీర్షిక చూస్తే మాకు హాయి, పైవాళ్ళకి సుద్దులు. పైగా "తోడుపడవోయ్" అని ఏ ప్రభుత్వాన్ని ఓయ్ అంటారు? "నేరడి" అన్న మాట లేకుండా ఎవరు ఆగి చదువుతారు?

పర్లాకిమిడి: "నేరడిపై పొరుగు మాట"?

శ్రీకాకుళం: "పై" అంటే బ్యారేజీ ఎక్కి మాట్లాడినట్టుంది. క్రియ కూడా లేదు. ఏం జరిగిందో చెప్పండి.

బరంపురం: విషయం పక్కదారి పట్టింది. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. 1936లో ఊరు ఒడిశాలో కలిస్తే రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన్ని తలుచుకుని "వాడికి" అనుకోండి.

గుణుపురం: ఇందాక సాక్ష్యం లేదన్నారు!

బరంపురం: ఛందస్సుది లేదన్నాను. అభిమానానికి సాక్ష్యమెందుకు?

పర్లాకిమిడి: పాత అచ్చు ఎవరి దగ్గరైనా ఉందా? ఒక్క అక్షరం చూసి చెప్పండి.

రాయగడ: మా ఇంట్లో ఉంది, అటక మీద. నిచ్చెన పొరుగాయన పట్టుకెళ్ళాడు.