అప్‌డేట్: వార్డు విడిచి ఇళ్లకు వెళ్లే స్పెషలిస్ట్ నర్సుగా చేరాను

వార్డు విడిచి, రోగుల ఇళ్లకు వెళ్లి మానని పుండ్లకు చికిత్స చేసే స్పెషలిస్ట్ నర్సుగా చేరితే, పక్కన డాక్టరు లేకుండా నిర్ణయాలు తీసుకోగలనా అని లోగడ మిమ్మల్ని అడిగాను. చేరి 6 నెలలైంది. భయపడినంత ఒంటరితనం లేదు. ఫోన్ చేస్తే సీనియర్ నర్సు పలుకుతారు.

బాధ్యత మాత్రం నిజంగానే పెద్దది. కాలి సిరల పుండుకు బిగుతుగా కట్టు కట్టడమే ప్రధాన చికిత్స అయినా, ముందుగా డాప్లర్‌తో (రక్త ప్రవాహాన్ని శబ్ద తరంగాలతో పసిగట్టే పరికరం) చీలమండ రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూడాలి. ఆ నిష్పత్తి 0.8 కంటే తక్కువైతే ధమనుల్లో అడ్డంకి ఉండవచ్చు కనుక, పూర్తి బిగుతుతో కట్టకుండా రక్తనాళాల నిపుణుల వద్దకు పంపాలి. మధుమేహం ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించి, అడ్డంకి లేదని పొరబడేలా చేయవచ్చు. వార్డులో ఇంత లోతుగా నేనెన్నడూ ఆలోచించలేదు.

ఒక పెద్దావిడ కాలి వాపు ఎంతకీ తగ్గకపోవడానికి, ఆమె రాత్రంతా కుర్చీలోనే నిద్రపోవడం కారణమని ఇంటికి వెళ్లాకే తెలిసింది. మంచం ఎత్తు సరిచేయించాం. ఇప్పుడు పుండు మానుతోంది.