రక్షణ పోతుందా? చెల్లికి ఏం చెప్పాలి

ప్రశ్న (పాలకొల్లు): వందనాలండీ. యూత్ మీటింగులో బ్రదరన్ వాళ్లు రక్షణ ఒకసారి దొరికితే పోదన్నారు. లూథరన్ వాళ్లు పోవచ్చన్నారు. తప్పిపోయినవాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమనే హెబ్రీ 6:4-6 చదివి ఓ చెల్లి భయపడిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: యోహాను 5:24 దగ్గరండి. నమ్మినవాడికి నిత్యజీవం ఇప్పుడే ఉందంటుంది, చనిపోయాక మొదలయ్యేది కాదు. తర్వాత 10:28-29, ఆపైన 1 యోహాను 5:13. హెబ్రీ 6ను 6వ వచనం దగ్గర ఆపడంవల్లే భయం. 9వ వచనం దాకా చదివించండి, అక్కడ రచయిత తన పాఠకుల గురించి మంచినే నమ్ముతున్నాడు. అయినా ఆ హెచ్చరికను తేలిక చేయకండి.

జవాబు: రెండు సంఘాలకూ న్యాయం చేద్దాం. 1836లో మిషనరీ గ్రోవ్స్‌తో ఇండియాకు వచ్చిన బౌడెన్, బీర్ నరసాపురంలో నాటిన సంఘాలు బ్రదరన్‌వి. లూథరన్లది 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, అంటే వాళ్ల విశ్వాస ప్రకటన. నీతిమంతులుగా తీర్చబడినవారు పరిశుద్ధాత్మను పోగొట్టుకోవచ్చని దాని 12వ అధికరణం ఒప్పుకుంటుంది. కానీ భయపడేవాళ్లను వాళ్లు కూడా క్రీస్తు వాగ్దానం వైపే, బాప్తిస్మం వైపే తిప్పుతారు, సొంత క్రియల వైపు కాదు.

జవాబు: చెల్లిని ‘రక్షణ తేదీ గుర్తుందా’ అని మాత్రం అడగొద్దమ్మా. నిశ్చయత తేదీ మీదో కన్నీళ్ల మీదో నిలబడితే, మనసు బాగోని రోజున కూలిపోతుంది. ‘ఇప్పుడు ఎవరిని నమ్ముతున్నావు?’ అని అడగండి. మీటింగులో రక్షణ కోసం చేయెత్తి ఏళ్లు గడిచినా మారుమనస్సు జాడ లేనివాళ్లకైతే ముందు 2 పేతురు 1:5-10 చదివించాలి.