పార్ట్‌నర్‌షిప్‌లో పెట్టిన 10 లక్షలు తిరిగి రావాలంటే ఏం అడగాలి?

ప్రశ్న: ఇద్దరి ఫర్మ్. డీడ్ ఉంది, రిజిస్టర్ చేయించలేదు. నా పెట్టుబడి 10 లక్షలు, ఆయనది 2 లక్షలు. లాభనష్టాలు చెరిసగం. గడువేమీ రాసుకోలేదు. నా డబ్బు నాకిచ్చెయ్యమంటే "నష్టం వచ్చింది, ఇచ్చేదేం లేదు" అంటున్నారు. కేసు వెయ్యొచ్చా?

జవాబు: "నా 10 లక్షలు ఇవ్వాలి" అని మాత్రం నోటీసు పంపకండి. పెట్టుబడి అప్పు కాదండీ, లెక్క తేలాకే మీకెంతో తెలిసేది. ముందు ఆ సొమ్ము పుస్తకాల్లో ఏ ఖాతాలో ఉందో చూడండి. క్యాపిటల్ ఖాతాలో ఉంటే డీడ్‌లో రాసుకుంటేనే వడ్డీ, అదీ లాభాల్లోంచే. పెట్టుబడికి మించి ఫర్మ్‌కి ఇచ్చిన అడ్వాన్స్ అయితే, 1932 భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ కింద ఏడాదికి 6 శాతం వడ్డీ వస్తుంది. తిరిగి చెల్లించేటప్పుడూ పెట్టుబడి కంటే అదే ముందు. ఏటా బ్యాలెన్స్ షీట్‌లో క్యాపిటల్‌గా చూపించి ఇప్పుడు అప్పంటే నిలబడదు.

ఇంకొకరి జవాబు: అంకెల్లో చూద్దాం. ఆస్తులు అమ్మి, బయటి బాకీలు తీర్చాక 6 లక్షలు మిగిలాయనుకోండి. పెట్టుబడి మొత్తం 12, కాబట్టి నష్టం 6. దీన్ని పెట్టుబడుల లెక్కన 10:2గా పంచాలని చాలామంది పొరబడతారు. 48వ సెక్షన్ ప్రకారం లాభాల వాటాలోనే పంచాలి, అంటే చెరి 3. మీ ఖాతాలో 7 ఉంటుంది. ఆయన ఖాతా లక్ష లోటులో పడుతుంది. ఆ లక్ష ఆయన సొంతంగా తెచ్చి కడితే, ఉన్న 6తో కలిపి 7 మీకొస్తుంది. నష్టం వచ్చినా ఆయనే మీకు బాకీ. ఇదంతా వేసేముందు ఇద్దరి సొంత వాడకాలూ (డ్రాయింగ్స్) ఎవరి ఖాతాలో వాళ్లకి రాయించండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌తో ఒక్కో ఎంట్రీ పోల్చి చూడండి, గొడవంతా అక్కడే ఉంటుంది.

ప్రశ్న: రిజిస్టర్ కాని ఫర్మ్ కదా, కోర్టు వింటుందా?

జవాబు: డీడ్ ప్రకారం ఫలానా సొమ్ము ఇప్పించండి అంటే 69వ సెక్షన్ అడ్డొస్తుంది. ఫర్మ్‌ని రద్దు చేసి లెక్కలు తేల్చమని అడిగితే అదే సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కాబట్టి దావాలో ఆ మాటే ఉండాలి. మీ డీడ్‌లో గడువుగానీ, రద్దు ఎలా అన్నదిగానీ లేకపోతే 43వ సెక్షన్ కింద లిఖిత నోటీసుతో మీరే రద్దు చెయ్యొచ్చు. రద్దు తేదీ నోటీసులో స్పష్టంగా రాయండి, అందినట్టు రసీదు దాచండి. లెక్కల దావాకి ఆ తేదీ నుంచి 3 ఏళ్లే గడువు. డీడ్‌లో మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్) క్లాజ్ ఉంటే ముందు ఆ దారి పట్టాలి, లేదంటే అవతలివాళ్లు మొదట్లోనే కోర్టులో దాన్ని చూపించి దావాని ఆపిస్తారు.

రద్దయ్యిందని గెజిట్‌లోనూ స్థానిక పత్రికలోనూ ప్రకటన ఇవ్వండి. అది లేకపోతే ఆయన ఫర్మ్ పేరుతో చేసే కొత్త బాకీలు మీ మెడకి చుట్టుకోవచ్చు. బ్యాంకుకి కూడా రాసి, ఇకపై ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బు వదలమనండి.

ఇంకొకరి జవాబు: రాజీ కుదిరితే మాటతో వదిలెయ్యకండి. తేలిన మొత్తం, వాయిదాల తేదీలు, ఒక్కటి తప్పినా మిగతాదంతా ఒకేసారి కట్టాలన్న షరతు రాయించి సంతకాలు తీసుకోండి. చెక్కులు తీసుకుంటే, వాటి మీది తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వెయ్యాలి. తిరిగొస్తే, ఆ సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక ఆయనకి 15 రోజులు టైం. అప్పటికీ కట్టకపోతే నెలలోపు ఫిర్యాదు వెయ్యాలి.