పుప్పొడిని గుర్తుపట్టేది ప్రోటీనా, దానికున్న చక్కెరా?

విత్తు_మొలక:
కీలాగ్రం (పువ్వు ఆడభాగం కొన) మీద ఎన్నో రకాల పుప్పొడి పడుతుంది, పువ్వు మాత్రం తనకు పనికొచ్చేదాన్నే లోపలికి రానిస్తుంది. ఇదంతా కణాల పైనుండే గ్లైకోప్రోటీన్ల పని అని పుస్తకాల్లో రాసి అక్కడితో ఆపేస్తున్నారు. ప్రోటీన్‌కు చక్కెర గొలుసులు తగిలించి ఉంటాయి, సరే. గుర్తుపట్టేది ఆ చక్కెరా, ప్రోటీనా? చక్కెర తీసేస్తే ఏమవుతుందో ఎవరైనా చూశారా?

పచ్చనాకు:
చూశారండీ. పెటూనియా పూలమొక్క కీలంలో (కీలాగ్రం కింది కాడలో) ఎస్-ఆర్‌ఎన్‌ఏజ్ అనే గ్లైకోప్రోటీన్ ఉంటుంది, సొంత పుప్పొడిని, అంటే అదే మొక్క పుప్పొడిని, ఆపేది అదే. 1994లో దానికి చక్కెర అతుక్కునే చోటును మార్చేసి చూస్తే, మొక్క అప్పుడు కూడా సొంత పుప్పొడిని ఆపేసింది. అంటే అక్కడ గుర్తింపు ప్రోటీన్‌దే. కాకపోతే ఇది కణం పైన ఉండేది కాదు, బయటికి స్రవించి పరాగనాళంలోకి (పుప్పొడి మొలకెత్తి అండం వైపు పెంచే గొట్టంలోకి) దూరి ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. నిజంగా కణం పైన ఉండేది కావాలంటే ఆవ జాతిలోని ఎస్‌ఆర్‌కే అనే ప్రోటీన్‌ను చూడండి. కీలాగ్రం కణాల పొరలో ఉంటుంది, పుప్పొడి పైపూతలోని ఎస్‌సీఆర్ అనే చిన్న ప్రోటీన్ వచ్చి దానికి సరిగ్గా అతుక్కుందంటే అది సొంత పుప్పొడే, ఇక దానికి నీళ్లందవు, మొలకెత్తదు.

కేసరం:
పై సమాధానం సరైనదే కానీ దాన్నిబట్టి చక్కెరకు పనే లేదనుకోవద్దు. సొంత పుప్పొడిని ఆపడం ఒక్కటే కాదుగా, వచ్చిన పుప్పొడిని అండం దాకా చేర్చాలి కూడా. పొగాకు కీలంలో టీటీఎస్ అనే అరాబినోగెలాక్టాన్ ప్రోటీన్ (అరాబినోజ్, గెలాక్టోజ్ అనే చక్కెరల గొలుసులున్న ప్రోటీన్) ఉంది. అండాశయం వైపు వెళ్లేకొద్దీ దాని మీద చక్కెర పెరుగుతూ పోతుంది, పరాగనాళం దారిలో ఆ చక్కెరలను తెంచుకుంటూ పెరుగుతుంది (1995లో తేల్చారు). నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే, పెరుగుదలకు దారి ప్రోటీన్‌లో కాదు, దాని మీది చక్కెర ఎంతుందన్న దానిలో ఉండొచ్చని చూపిస్తుంది కాబట్టి.

అండకోశం:
చివరి మెట్టు కూడా చెప్పాలి. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఫెరోనియా అనే రిసెప్టర్ (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) సహాయకణాల పైన, అంటే అండంలో స్త్రీబీజం పక్కనుండే కణాల పైన, ఉంటుంది. అది లేకపోతే పరాగనాళం లోపలికి వచ్చి కూడా పగలదు, ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది, పురుషబీజాలు బయటపడవు. టురాన్, ఈవాన్ అనే జన్యువులు చెడినా అచ్చం ఇదే జరుగుతుందని 2015లో తెలిసింది. ఆ రెండూ ప్రోటీన్లకు చక్కెర తగిలించే పనికి సంబంధించినవి.

విత్తు_మొలక:
చాలా థాంక్స్ అందరికీ. అసలు ప్రోటీన్ లేకుండా చక్కెర ఒక్కటే పనిచేసిన సందర్భం ఏదైనా ఉందా?

కేసరం:
ఉంది, టొరీనియా అనే పూలమొక్కలో. అక్కడ పరాగనాళం లూర్ అనే ఆకర్షక పెప్టైడ్‌కు (చిన్న ప్రోటీన్‌కు) స్పందించాలంటే ముందు అండం నుంచి వచ్చే అమోర్ అనే పదార్థం తగలాలి. అది అరాబినోగెలాక్టాన్ చక్కెర గొలుసే. దాని చివర ఉండే రెండు చక్కెరల ముక్కను మాత్రమే ల్యాబ్‌లో తయారుచేసి ఇచ్చినా నాళాలు స్పందించాయి. 2016 నాటి పని అది.