రూపం, అరుపు చూసి కప్పను కొత్త జాతి అనవచ్చునా?

చెరువుగట్టు (మణికొండ)

ఈ జూలైలో రెండు రాత్రులు అనంతగిరి కొండల్లో, దారి పక్కన నీళ్లు నిలిచిన ఒక మడుగు దగ్గర కప్పల అరుపులు రికార్డు చేశాను. అక్కడి చిన్న పొలం కప్ప, మా ఇంటి వెనుక ఖాళీ స్థలంలో వాన పడగానే అరిచే అదే పోలిక కప్పకంటే స్పష్టంగా వేరుగా అరుస్తోంది. ఇక్కడిది గబగబా, ఎడతెగకుండా టకటకలాడుతుంది. అక్కడిది ఆగి ఆగి అరుస్తుంది, ఒక్కో అరుపులోని టకటక కూడా నిదానంగా ఉంటుంది. ఇక్కడివాటిలో చాలావాటికి వీపు నడుమ లేత రంగు గీత ఉంది; అక్కడ నేను చూసిన మూడింటిలో ఒక్కదానికీ లేదు. ఆడకప్ప తన జాతి మగకప్పను పిలుపును బట్టే గుర్తుపడుతుంది కనుక, పిలుపు వేరైతే జాతి వేరని కప్పలే తేల్చి చెప్పినట్టు కాదా? రూపమూ అరుపూ రెండూ వేరైనప్పుడు, డీఎన్ఏ పరీక్ష దాకా ఆగకుండా దీన్ని కొత్త జాతిగా ప్రకటించడానికి అభ్యంతరం ఏమిటి?

రాతిగుట్ట (అత్తాపూర్)

ముందు ఒక ప్రశ్న. రెండు చోట్లా రికార్డు చేసినప్పుడు గాలి, నీటి ఉష్ణోగ్రతలు రాసుకున్నారా?

కప్ప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటినీ గాలినీ బట్టి మారుతుంది కనుక, చల్లటి రాత్రి అదే కప్ప అరుపులో టకటకల, అంటే పల్స్‌ల వేగం తగ్గిపోతుంది. ఉత్తర అమెరికాలో హైలా వెర్సికలర్, హైలా క్రైసోసెలిస్ అనే రెండు చెట్టు కప్పలను కంటితో చూసి ఎవరూ వేరు చేయలేరు. మొదటిదానికి 48 క్రోమోజోములు, రెండవదానికి 24. పొలంలో నిలబడి వాటిని వేరు చేసేది పల్స్‌ల వేగమే. అయితే చలి రాత్రి అరిచే క్రైసోసెలిస్‌ను వెచ్చని రాత్రి అరిచే వెర్సికలర్‌గా పొరబడే వీలుంది కాబట్టి, ఉష్ణోగ్రత లేని రికార్డును అక్కడ రుజువుగా పెట్టలేరు.

ఇక ఆగి ఆగి అరవడం జాతి లక్షణమే కానక్కర్లేదు. పక్కన ఎన్ని మగకప్పలు పోటీగా అరుస్తున్నాయన్నదాన్ని బట్టి కూడా అరుపుల మధ్య వ్యవధి మారుతుంది. వీపు గీత సంగతి చెప్పనే అక్కర్లేదు; ఈ పొలం కప్పల్లో ఒకే జాతిలో, ఒకే మడుగులో గీత ఉన్నవీ లేనివీ కలిసే ఉంటాయి. మూడు కప్పలను చూసి ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేం.

పాఠాల మాస్టారు (నల్లకుంట)

రాతిగుట్ట గారి జాగ్రత్తను గౌరవిస్తూనే, ఈ చర్చ వెళ్తున్న దిశను నేను ఒప్పుకోలేకపోతున్నాను. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పాను. జంతువుల నామకరణానికి ఉన్న అంతర్జాతీయ నియమావళి ఎక్కడా డీఎన్ఏ ఉండి తీరాలని అడగదు. 1999 తరువాత ప్రచురించే ప్రతి కొత్త జాతి పేరుకూ ఆధారమైన నమూనా ఏదో, అది ఏ సంగ్రహాలయంలో ఉందో చెప్పమంటుంది. మిగతా జాతులనుంచి దాన్ని వేరుచేసే లక్షణాలు రాయమంటుంది. అంతవరకే. నియమావళిలో లేని షరతును మనమే పెట్టుకుంటే, డీఎన్ఏను చదివే సీక్వెన్సింగ్‌కు డబ్బు లేని జిల్లా కాలేజీలోని అధ్యాపకుడు తన ఊరి కప్ప గురించి నోరు విప్పలేని స్థితి వస్తుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

చెవి ముందు పట్టుకున్నదాన్ని ప్రయోగశాల తరువాత ఒప్పుకున్న సందర్భాలు లేకపోలేదు. న్యూయార్క్ నగరంలోని స్టాటెన్ ఐలాండ్‌లో ఒక చిరుతమచ్చల కప్ప పొట్టిగా, ఒక్క దెబ్బ కొట్టినట్టు అరుస్తుంటే, దాని పిలుపు తెలిసిన కప్పలకు సరిపోవడం లేదని ఒక పరిశోధకుడు గమనించాడు. 2014లో దానికి రానా కాఫెల్డి అని పేరు పెట్టారు. ఆ ప్రాంతంలో చిరుతమచ్చల కప్పల్లో తెలిసిన రెండు కాక మూడవ జాతి ఉందని, కప్పలను, పాములను పరిశోధించిన కార్ల్ కాఫెల్డ్ 1930లలోనే రాశారు, ఎవరూ పట్టించుకోలేదు. అంత పెద్ద నగరం నడుమ ఒక కప్ప అన్ని దశాబ్దాలు పేరు లేకుండా అరుస్తూ ఉండిపోయింది.

మన పడమటి కనుమల్లో 2017లో ఏడు కొత్త రాత్రి కప్పలను వర్ణించారు. వాటిలో నాలుగు బొటనవేలి గోరు మీద ఇమిడేంత చిన్నవి. వాటి అరుపు పురుగుల రొదలా ఉండటం కూడా అవి ఇన్నాళ్లు ఎవరి కంటా పడకపోవడానికి ఒక కారణం. వినడం నేర్చినవారే వాటిని వెతకగలరు.

రాతిగుట్ట (అత్తాపూర్)

మాస్టారూ, మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ నా వాదనకే బలం ఇస్తున్నాయి. కాఫెల్డ్ మాట దాదాపు ఎనభై ఏళ్లు నిలబడకపోవడానికి కారణం ఆయన కళ్లు తప్పు చూడటం కాదు, రూపం మీద మాత్రమే ఆధారపడిన వాదనను ఎవరైనా తోసిపుచ్చగలగడం. జన్యువులు, అరుపు, రూపం మూడూ ఒకే మాట చెప్పిన తరువాతే అది తేలింది. పడమటి కనుమల రాత్రి కప్పలను వర్ణించినవారు కూడా ఆ మూడింటినీ కలిపే చూపారు.

చెరువుగట్టు గారు చూసిన గుంపే మన దేశంలో అన్నిటికంటే చిక్కైనది. ఈ చిన్న పొలం కప్పలను చాలాకాలం లిమ్నోకారిస్ అన్న ఒక్క పేరుతో పిలిచారు. ఆ పేరు 1829లో జావా కప్పకు పెట్టింది! తరువాత వాటిని విడదీస్తూ వచ్చారు, ప్రజాతి పేర్లూ (జంట పేరులోని మొదటి మాటలు) మారాయి. మన సన్నమూతి చిన్న కప్ప మైక్రోహైలా ఆర్నేటా విషయంలోనూ ఇదే జరిగింది; ఆ పేరుతోనే చెలామణీ అయిన కొన్ని కప్పలను 2015లో బంగ్లాదేశ్‌లోని నీల్ఫామారి పేరుతో వేరే జాతిగా గుర్తించారు. కొత్తదని ప్రకటించే ముందు, వందా రెండు వందల ఏళ్ల కింద ఎవరో పెట్టి మరిచిన పేరు ఈ కప్పకే చెందుతుందా అన్నది తేల్చాలి. ఆ పని రూపం ఒక్కదానితో తేలదు, అరుపుతో అసలే తేలదు, ఎందుకంటే సీసాలోని పాత నమూనా అరవదు.

డీఎన్ఏ ఒక్కటే చాలునని నేను అనడం లేదు. తల్లి నుంచి మాత్రమే వచ్చే 16ఎస్ అనే జన్యువులో సుమారు మూడు శాతం తేడా ఉంటే వేరే జాతి కావచ్చునని అనుమానించడం వాడుక. అది అనుమానమే. కొండ అవతలి కప్పలు తల్లి వైపు వంశంలో దూరమై ఉండి కూడా ఒకదాని పిలుపుకు మరొకటి వస్తుంటే, వాటిని రెండుగా చీల్చడం తొందరపాటే.

వానచినుకు (కాప్రా)

నా అభ్యంతరం వేరు. ఉన్నవి కొద్ది కప్పలే అయితే, పేరు కోసం ఒకదాన్ని చంపి సీసాలో పెట్టడం నాకు మనసొప్పదు. నోటి లోపల దూదిపుల్లతో తుడిచి కూడా డీఎన్ఏ తీయవచ్చు కదా?

పాఠాల మాస్టారు (నల్లకుంట)

తీయవచ్చునమ్మా, అనుమానం తీర్చుకోవడానికి అది చాలు. జాతికి పేరు పెట్టేటప్పుడు మాత్రం నమూనా ఉండాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి సంగతిని నిర్దేశిత సంస్థకు తెలిపి, నమూనాను అక్కడ భద్రపరచాలి కూడా. అనంతగిరి అటవీ భూమి కనుక కప్పను తాకే ముందే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. పాత పేర్ల సంగతిలో రాతిగుట్ట గారి మాట నేను ఒప్పుకుంటున్నాను. డబ్బు లేనివారి సంగతికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

రాతిగుట్ట (అత్తాపూర్)

నిజమే. నగరంలో పరికరాలు ఉన్నవారు జిల్లా అధ్యాపకుల పేరును పరిశోధన పత్రంలో సహరచయితగా పెట్టి ఆ పరీక్ష చేయించాలి. నేను చేయించగలిగినచోట చేయిస్తాను.

చెరువుగట్టు (మణికొండ)

నిన్న రాత్రి వాన తరువాత మా ఇంటి వెనుక మళ్లీ రికార్డు చేశాను. మొదటిసారి ఎంత వేడి ఉందో రాసుకోలేదు. ఈసారి 23 డిగ్రీలు. టకటకల వేగం నా పాత రికార్డుకంటే తగ్గింది కనుక, నేను విన్న తేడాలో కొంత భాగం చలిదే. అయినా ఒక్కో అరుపులోని పల్స్‌లను తెర మీద లెక్కపెడితే ఇక్కడివాటిలో ఎక్కువ, అనంతగిరివాటిలో తక్కువ వస్తున్నాయి. కొత్త జాతి అన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, తేడా ఉందన్న మాటను తీసుకోవడం లేదు. అనుమతికి దరఖాస్తు రాస్తున్నాను. అది వచ్చాక థర్మామీటరుతో వెళ్లి, కనీసం పది మగకప్పలను ఒక్కొక్కటిగా రికార్డు చేస్తాను.