మ్యాక్‌లో లిబ్రెఆఫీస్‌కి ఏ పాత్ ఇవ్వాలి? స్క్రిప్టు ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది

ప్రశ్న: అందరికీ నమస్కారం. మా అక్క ట్యూషన్ సెంటర్‌వి 140 ప్రశ్నపత్రాలు డాక్ఎక్స్ ఫైళ్లుగా ఉన్నాయి. ఒక్కోటీ తెరిచి పీడీఎఫ్ చేసే ఓపిక లేక పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. మార్చే పని లిబ్రెఆఫీస్ (ఉచిత ఆఫీస్ ప్రోగ్రాం) చేయాలని, వేరే ప్రోగ్రాంలను నడిపే సబ్‌ప్రాసెస్‌కి అప్లికేషన్స్‌లోని ‘లిబ్రెఆఫీస్ డాట్ యాప్’ పాత్, అంటే అది ఉన్న చోటు, ఇచ్చాను. చేత్తో నొక్కితే శుభ్రంగా తెరుచుకుంటోంది, స్క్రిప్టు మాత్రం ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగిపోతోంది. అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చే సీహెచ్‌మోడ్ 777 కూడా కొట్టాను. ఇక సుడో (అడ్మిన్ అధికారంతో నడపడం) పెట్టాలా?

జవాబు: సుడో జోలికి పోకండి, ఆ 777 కూడా అనవసరం. డాట్ యాప్ అనేది ఫైలు కాదండీ, ఫోల్డరు. ఫైండర్ దాన్ని ఒక్క ఐకాన్‌గా చూపిస్తుంది, అంతే. ఫోల్డర్ని రన్ చేయమంటే సిస్టమ్ ఇచ్చే ఎర్రర్ ఇదే, అందుకే అందరం ముందు పర్మిషన్ల మీద పడతాం. ఇంటిని పిలిస్తే మనిషి పలకడు కదా.

ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ‘షో ప్యాకేజ్ కంటెంట్స్’ నొక్కండి. కంటెంట్స్, దాని లోపల మ్యాక్‌ఓఎస్ అనే ఫోల్డరు. అసలు ప్రోగ్రాం అక్కడ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: చూశానండీ. లోపల ఏవేవో ఉన్నాయి. లిబ్రెఆఫీస్ అనే పేరుతో మాత్రం ఏదీ లేదు!

జవాబు: ఉండదు. మీకు కావలసింది ‘ఎస్‌ఆఫీస్’. లిబ్రెఆఫీస్‌కి మూలమైన స్టార్‌ఆఫీస్ రోజుల నాటి పేరు, ఇంకా అలాగే మోస్తున్నారు. ఏ యాప్‌కైనా ఊహించక్కర్లేదు: కంటెంట్స్‌లోనే ‘ఇన్ఫో డాట్ పీలిస్ట్’ అనే వివరాల ఫైలు ఉంటుంది, అందులో ‘సీఎఫ్ బండిల్ ఎగ్జిక్యూటబుల్’ ఎదురుగా ఏ పేరుంటే అదే. గూగుల్ క్రోమ్‌కి ఆ పేరు మధ్యలో ఖాళీ కూడా ఉంటుంది, టెర్మినల్‌లో కొటేషన్లు మర్చిపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు.

మరొకరు: విండోస్‌వాళ్లకి కూడా చెప్తున్నా. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో లిబ్రెఆఫీస్, దానిలో ‘ప్రోగ్రామ్’ ఫోల్డరు. అక్కడ ఎస్‌ఆఫీస్ పేరుతో డాట్ ఈఎక్స్ఈ, డాట్ కామ్ రెండూ ఉంటాయి. స్క్రిప్టుకి డాట్ కామ్ ఇవ్వండి, మెసేజీలు కన్సోల్‌లో కనిపిస్తాయి. లినక్స్‌లో యాప్‌ఇమేజ్ (ప్రోగ్రాం మొత్తం ఒకే ఫైలుగా) వాడేవాళ్లు లోపలి పాత్ రాసుకోవద్దు. తెరిచిన ప్రతిసారీ టెంప్ (తాత్కాలిక) ఫోల్డర్లో కొత్త పేరుతో మౌంట్ అవుతుంది. యాప్‌ఇమేజ్ ఫైలు పాతే ఇవ్వాలి.

ప్రశ్న అడిగినవారు: ఎస్‌ఆఫీస్ పెట్టాను, ఎర్రర్ పోయింది. కానీ పీడీఎఫ్ ఒక్కటీ రాలేదు!

జవాబు: లిబ్రెఆఫీస్ విండో పక్కన తెరిచి ఉందా? అదే ప్రొఫైల్ (సెట్టింగుల ఫోల్డరు) వాడుతున్న కాపీ ఒకటి నడుస్తుంటే హెడ్‌లెస్ మార్పిడి, అంటే విండో తెరవకుండా చేసేది, ఒక్కోసారి చప్పుడు చేయకుండా చేతులెత్తేస్తుంది. కమాండ్ క్యూ కొట్టి మళ్లీ నడపండి. విండో మూస్తే చాలదు, పూర్తిగా క్విట్ చేయాలి.

ప్రశ్న అడిగినవారు: అదేనండీ! 138 వచ్చేశాయి. మిగతా రెండింటికీ అక్క పాస్‌వర్డ్ పెట్టిందట, ఏం పెట్టిందో తనకే గుర్తులేదు.