బుడమేరు వరదకి ‘క్లైమేట్ చేంజ్’ అనడం సైన్సా, తప్పించుకోవడమా?

పాయకాపురం_కుర్రోడు:
అందరికీ నమస్తే. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ అంతా మునిగింది కదా, దాని గురించి బెజవాడలో ఎక్కడ మాట వచ్చినా రెండే వాదనలు. ఇదంతా క్లైమేట్ చేంజ్ అండీ మనమేం చెయ్యగలం అని కొంతమంది, క్లైమేటూ లేదు గియిమేటూ లేదు వాగు మీద ఇళ్ళు కట్టారు మునిగారు అని ఇంకొంతమంది. మొదటి మాట వింటే నాకు ఒళ్ళు మండిపోద్ది, అట్లా అంటే ఇంక ఎవర్నీ ఏమీ అడగటానికి ఉండదు. కానీ వేడి పెరిగితే వాన పెరుగుద్ది అని సైన్స్ చదివినోళ్ళు చెప్తుంటే అదంతా అబద్ధం అని కొట్టెయ్యలేను. తెలిసినోళ్ళు వివరంగా చెప్పండి. ఒక్క రిక్వెస్ట్, ఏ పార్టీ టైంలో ఎంత ఆక్రమణ అనేది ఇక్కడ మొదలెట్టొద్దు, అది మొదలైతే అసలు సంగతి తేలదు.

సింగ్‌నగర్_వాసి:
ఇందులో డౌటేముంది తమ్ముడూ. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలవాల్సిన వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీళ్ళు ఆపి వదిలే గేట్లు) కట్టి అక్కణ్ణుంచి డైవర్షన్ కాలవ తవ్వి ఇబ్రహీంపట్నం పక్కగా కృష్ణలోకి మళ్ళించారు. ఆ కాలవ పట్టేది 15 వేల క్యూసెక్కుల ప్రాంతం, ఆ రోజు వచ్చింది దానికి రెట్టింపు దాటి. కొండపల్లి శాంతినగర్ దగ్గర కట్టకి మూడు గండ్లు పడ్డాయి, ఆర్మీ కూడా దిగి పూడ్చేదాకా నీళ్ళు మా మీదకి వస్తానే ఉన్నాయి. 2005లో కూడా ఇవే వీధులు మునిగాయి. అప్పుడూ వెడల్పు చేస్తాం అన్నారు. మా ఇంట్లో సర్టిఫికెట్లు, మా అమ్మ మందులు, కుట్టుమిషను అన్నీ బురదలో పోయినాయి, ఆవిడ ఇప్పటికీ గట్టిగా వాన పడితే రాత్రి నిద్రపోదు. అలాంటి మనిషికి క్లైమేట్ అని చెప్తే ఏం అర్థమైద్ది? ఆ మాట వచ్చిందంటే ఫైలు మీద సంతకం పెట్టాల్సినోళ్ళు అందరూ తప్పించుకున్నట్టే.

బ్రాడీపేట_మాష్టారు:
నేను గుంటూరులో రిటైరైన స్కూల్ టీచర్ని. నా వయసు వాళ్ళకి ఇవేవీ కొత్త కాదు నాయనా. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు, అప్పుడు ఎవరన్నా క్లైమేట్ చేంజ్ అన్నారా? 1903లోనే బెజవాడ దగ్గర కృష్ణకి 10 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. 2009 అక్టోబర్‌లో 11.10 లక్షలు, 2024లో 11.43 లక్షలు. వందేళ్ళకి పైగా గడిస్తే వచ్చిన తేడా అంతే. రెంటచింతల ఎండలు మా తాతల కాలం నుంచీ ఉన్నవే. ప్రకృతికి ఒక చక్రం ఉంది, వేడెక్కుద్ది చల్లబడుద్ది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది 0.04 శాతం, ఆ కాస్తకే భూమి మండిపోద్దా? పైగా మొక్కకి అదే ఆహారం అని ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెప్పినవాణ్ణి నేను. చదువుకున్న వాళ్ళు కూడా ఊరికే భయపెట్టొద్దు.

ఫిజిక్స్_లెక్చరర్_గుంటూరు:
మాష్టారూ నమస్కారం. మీరడిగినవి గట్టి ప్రశ్నలు కాబట్టి పొడుగ్గానే రాస్తున్నా, ఏమనుకోవద్దు.

ముందు ఆ 0.04 శాతం సంగతి. గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజనే. భూమి నుంచి పైకి పోయే వేడిని ఆ రెండూ దాదాపు పట్టుకోవు, అవి ఎంత ఉన్నా ఈ లెక్కలోకి రావు. పట్టుకునేవి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి గ్రీన్‌హౌస్ వాయువులు, అందుకే కొంచెమే ఉన్నా పని చేస్తాయి. యూనిస్ ఫుట్ అనే అమెరికా ఆవిడ 1856లోనే గాజు గొట్టాల్లో గాలి ఒకదాంట్లో, కార్బన్ డయాక్సైడ్ ఒకదాంట్లో నింపి ఎండలో పెట్టి ఏది ఎక్కువ వేడెక్కుద్దో చూసింది. 1859లో టిండాల్ అనే సైంటిస్టు ఈ వాయువులు వేడిని ఎంత పట్టుకుంటాయో ల్యాబ్‌లో కొలిచాడు. 1896లో స్వీడన్ సైంటిస్టు అర్హీనియస్ కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుద్దో చేత్తో లెక్క కట్టాడు. అంటే ఇప్పటి గొడవలు ఏవీ లేనప్పటి సైన్స్ ఇది. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకి 280 ఉండేది, 1958లో హవాయిలో మౌనా లోవా కొండ మీద కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు 315, 2024లో 420 దాటేసింది. 280 నుంచి 420 అంటే సగానికి సగం పెరిగినట్టు.

ఇక చక్రం సంగతి. మంచుయుగాల చక్రాలు నిజమే, భూమి కక్ష్య మారడం వల్ల వస్తాయి, కానీ అవి వేల ఏళ్ళ మీద నడిచేవి. సూర్యుడి వల్ల అందామంటే 1978 నుంచీ శాటిలైట్లు కొలుస్తూనే ఉన్నాయి, సూర్యుడి వేడి పెరగలేదు. ఇంకోటి చూడండి, సూర్యుడి వల్లే అయితే వాతావరణం పైపొర కూడా వేడెక్కాలి. కింద పొర వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. గ్రీన్‌హౌస్ వాయువులు వేడిని కిందే ఆపితే జరగాల్సింది సరిగ్గా అదే. ఆ కార్బన్ మనదేనని ఎట్లా తెలుసంటే, బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ళ నాటి జీవాల నుంచి వచ్చినవి, కార్బన్‌లో బరువు తేడా ఉన్న రకాలు (ఐసోటోపులు) ఉంటాయి, వాటిలో కార్బన్-14 ఈ ఇంధనాల్లో మిగలదు, కార్బన్-13 కూడా తక్కువ. గాలిలో ఇప్పుడు ఆ రెండు రకాల పాలూ తగ్గుతూ వస్తోంది, అంటే పాత కార్బన్ వచ్చి కలుస్తోందన్నమాట. ఈ భాగం మన స్కూల్ పుస్తకాల్లో సరిగ్గా రాకపోవడం నాకు చాలా బాధ, పిల్లలకి ధ్రువపు మంచు బొమ్మ చూపించి వదిలేస్తున్నాం.

మొక్క ఆహారం సంగతి నిజమే, కానీ మొక్కకి వేడి కూడా తగులుద్ది కదండీ. ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ పొలాల్లో 2004లో తేల్చింది ఏంటంటే, వేసవి పంట కాలంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 1 డిగ్రీ పెరిగితే వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది. డెల్టాలో దాళ్వా (రెండో పంట వరి) వేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

చివరగా దివిసీమ. తుపాను ఎంత బలంగా వచ్చిందనేది ఒక లెక్క, ఎంతమంది పోయారనేది వేరే లెక్క. 2013 ఫైలిన్ తుపాను కూడా భయంకరమైనదే, ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. 1977లో ముందు హెచ్చరిక సరిగ్గా అందలేదు, తలదాచుకునే షెల్టర్లు లేవు. పాతకాలంలో ఎక్కువమంది పోయారు కాబట్టి వాతావరణం మారలేదు అనడం కుదరదు.

సింగ్‌నగర్_వాసి:
మేడమ్ గారూ బాగా చెప్పారు కానీ నా ప్రశ్న అట్లాగే ఉంది. గాలి 1 డిగ్రీ వేడెక్కితే 7 శాతం ఎక్కువ తేమ పట్టుద్ది అని నేనూ చదివా. భూమి ఇప్పటిదాకా వేడెక్కింది 1.2, 1.3 డిగ్రీలనుకుందాం, తొమ్మిది శాతం ఎక్కువ వాన అనుకుందాం. ఆ తొమ్మిది శాతం తీసేస్తే మా ఇల్లు మునగకుండా ఉండేదా? 15 వేలు పట్టే కాలవలోకి దానికి రెట్టింపు పైన వస్తే తొమ్మిది శాతం ఏం లెక్క? మరి క్లైమేట్ పేరు ఎందుకు తెస్తున్నారు?

ఫిజిక్స్_లెక్చరర్_గుంటూరు:
మీ లెక్క కరెక్టండీ. ఆ తొమ్మిది శాతం తీసేసినా ఆ కాలవ ఆగేది కాదు. నీళ్ళు ఇళ్ళలోకి రావడానికి మొదటి కారణం కాలవా, కట్టలూ, వాగు దారిలో కట్టడాలే, నేను దాన్ని ఒక్క ముక్క కూడా తగ్గించి చెప్పను.

కానీ ఆ తొమ్మిది అట్లాగే తొమ్మిదిగా ఉండదు. నేల తడిసి నిండిపోయాక పైన పడిన వాన దాదాపు మొత్తం పారుద్ది, కాబట్టి వానలో పెరిగిన శాతం కంటే వాగులో పెరిగే శాతం ఎక్కువ. ఆ రోజు ఇంకోటి కలిసింది, కృష్ణ నిండుగా ఉంది. డైవర్షన్ కాలవ పోయి కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువ కృష్ణలోనే కదా, నది ఎత్తుగా ఉంటే కాలవ నీళ్ళు లోపలికి దిగవు. ఒకే తడవ విస్తారంగా కుండపోతలు పడితే ఇటు వాగూ అటు నదీ కలిసి పొంగే రోజులు వస్తాయి. హిందూ మహాసముద్రం ఉష్ణమండల భాగం 1951 నుంచి 2015 మధ్య సుమారు 1 డిగ్రీ వేడెక్కిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదికలో ఉంది. మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వానలు 1950-2015 మధ్య మూడు రెట్లు అయ్యాయని రాక్సీ మ్యాథ్యూ కోల్ బృందం 2017లో చూపించింది. ఆ మూడు రెట్లు అనేది తెచ్చి మన కోస్తాకి అతికించకూడదు, అట్లా చేస్తే మాష్టారి లాంటి వాళ్ళు నమ్మకపోవడంలో తప్పులేదు. అదే కేంద్ర నివేదిక మొత్తం నైరుతి వాన 1951-2015 మధ్య సుమారు 6 శాతం తగ్గిందని కూడా చెప్పింది. మొత్తం తగ్గుతోంది, పడినప్పుడు మాత్రం కుమ్మరిస్తోంది.

నా మాట ఏంటంటే, కాలవకి ఎంత కెపాసిటీ కావాలో ఇంజనీర్లు గతంలో పడిన వానల రికార్డు చూసి లెక్క కడతారు. రాబోయే వాన గతం లాగా ఉండదని సైన్స్ చెప్తుంటే పాత రికార్డుతో కాలవ కట్టడం ప్రాణాలతో ఆడుకోవడమే. ఎవరన్నా క్లైమేట్ అని తప్పించుకోబోతే వాళ్ళని అక్కడే ఆపి అడగండి, ఆ సంగతి తెలిసీ కాలవ ఎందుకు వెడల్పు చెయ్యలేదని. క్లైమేట్ చేంజ్ నిజం కాబట్టే వాళ్ళ బాధ్యత పెరుగుద్ది.

కైకలూరు_చెరువులు:
ఇట్లాంటి చర్చ ఎక్కడ జరిగినా చివరికి కొల్లేరు ఆక్రమణ అని మా మీదకే వచ్చుద్ది కాబట్టి ముందే రాస్తున్నా. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యం అన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మళ్ళీ చెరువులు వచ్చాయి, నిజమే, కాదనను. కానీ బుడమేరుతో పాటు ఎన్నో డ్రెయిన్ల నీళ్ళు కొల్లేట్లో పడితే అవి సముద్రానికి పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరే. అది పూడిపోయి, గుర్రపుడెక్క పట్టి, అడ్డదిడ్డంగా ఉంది. దానికి తోడు 1901 నుంచి ప్రపంచం మొత్తం మీద సముద్ర మట్టం 20 సెంటీమీటర్ల దాకా పెరిగింది, మా కొల్లేరు లాంటి పల్లపు చోట అంతెత్తు తేడా అంటే మాటలు కాదు, పోటు టైంలో నీళ్ళు వెనక్కి తంతాయి. ఎగువ వాళ్ళు కాలవ వెడల్పు చేస్తే సరిపోద్ది అనుకుంటున్నారు, ఆ నీళ్ళు వచ్చి పడేచోట కూడా మనుషులు ఉన్నారు.

మిర్చి_పల్నాడు:
రైతుగా ఒక మాట. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, పల్నాడు మిర్చి తోటలు పూతలోనే మాడిపోయినాయి, లక్షల అప్పులు. అప్పుడు కూడా మీటింగుల్లో కొందరు వాతావరణ మార్పు అండీ అన్నారు. ఆ పురుగు మనది కాదు, ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, మన దేశంలో 2015లో బెంగళూరు బొప్పాయి మీద ముందు కనపడింది. దానికి కావాల్సింది నిఘా, సరైన మందు, మందు కొట్టే తీరు. వానలు తేడా చెయ్యలేదని అనను, కానీ వచ్చిన ప్రతి కష్టానికీ అదే పేరు పెడితే రేపు నిజంగా దాని వల్ల వచ్చినప్పుడు మా ఊళ్ళో ఎవడూ నమ్మడు.

పాయకాపురం_కుర్రోడు:
మీరన్నది చాలా ముఖ్యం అన్నా. అమెరికా యేల్ యూనివర్సిటీ వాళ్ళు మన దేశంలో చేసిన సర్వే ఒకటి 2022లో వచ్చింది, 54 శాతం మంది గ్లోబల్ వార్మింగ్ గురించి కొంచెమే తెలుసు లేదా వినలేదు అన్నారు, అదేంటో రెండు ముక్కల్లో చెప్పాక మాత్రం 84 శాతం మంది అవును జరుగుతోంది అన్నారు. అంటే మనోళ్ళు చూస్తున్నారు, దాని వెనక ఉన్నది ఎవరూ చెప్పట్లేదు.

బ్రాడీపేట_మాష్టారు:
అమ్మా, ఐసోటోపుల సంగతి, పైపొర చల్లబడటం సంగతి నేను ఇంకా చదవాలి. కానీ ఒక్కటి మాత్రం వదలను. అమెరికావాడు మనిషికి ఏడాదికి 14 టన్నుల పైన కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు, మనం 2 టన్నుల చుట్టుపక్కల. బుడమేరు పక్కన రేకుల షెడ్డులో ఉండేవాడు వదిలేది ఎంత? వాడు మునగడం ఏంటి, మనం బొగ్గు మానెయ్యాలని వాళ్ళు పాఠాలు చెప్పడం ఏంటి? ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ ఆగితే మీ కాలేజీలో ఫ్యాన్ తిరగదు.

ఫిజిక్స్_లెక్చరర్_గుంటూరు:
ఆ అన్యాయం గురించి మీతో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తా మాష్టారూ. రేపే స్టేషన్ ఆపమని కూడా నేను అనట్లేదు, గాలిలోకి వదిలేదీ తీసేదీ సమానం చెయ్యడానికి (నెట్ జీరో) మన దేశం 2070 అని గడువు పెట్టుకుంది, అది త్వరగానా ఆలస్యంగానా అనేది వేరే చర్చ. కానీ అమెరికా వాడు రేపటి నుంచి ఒక్క టన్ను వదలకపోయినా ఇప్పటికే గాలిలో చేరింది వందల ఏళ్ళు ఉంటది. కాబట్టి వెలగలేరు నుంచి ఉప్పుటేరు దాకా చెయ్యాల్సిన పని వాళ్ళ కోసం ఆగేది కాదు.

సింగ్‌నగర్_వాసి:
సరే మేడమ్, క్లైమేట్ లేదని నేనూ అనను. కానీ ఇళ్ళు కోల్పోయినోళ్ళ ముందు ముందుగా ఆ మాట ఎత్తడం నాకు ఇష్టం లేదు, ముందు కాలవ సంగతి తేల్చి తర్వాత మాట్లాడదాం. ఈ విషయంలో నేను మారను.

పాయకాపురం_కుర్రోడు:
నేను సమాచార హక్కు కింద ఒక అర్జీ రాస్తున్నా. ఒకటి, డైవర్షన్ కాలవ వెడల్పు చెయ్యడానికి ఎన్ని క్యూసెక్కులు అనుకుంటున్నారు. రెండు, ఆ అంకెకి ఏ సంవత్సరం దాకా వాన రికార్డు తీసుకున్నారు, రాబోయే వానల పెరుగుదల కలిపారా లేదా. ఇంకేమన్నా ఉంటే చెప్పండి.

ఫిజిక్స్_లెక్చరర్_గుంటూరు:
మూడోది కూడా రాయి బాబూ. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజున ఆ కొత్త కాలవ నదిలోకి ఎన్ని క్యూసెక్కులు వదలగలదో అడుగు. నది ఖాళీగా ఉన్న రోజు కెపాసిటీ చూపించి ఊరుకుంటారు, అట్లా కాకుండా రెండూ నిండిన రోజు లెక్క విడిగా ఇవ్వమని స్పష్టంగా రాయి. కైకలూరు వాళ్ళ ఉప్పుటేరు గురించి కూడా ఒక లైను కలుపు.